30 కిలోమీటర్ల రోడ్డు, 28 చూపిన మీటర్

(విజయవాడలో బైక్ రైడర్లు, ఐటీఐ విద్యార్థులు కలిసి ఏర్పాటు చేసుకున్న ఆదివారం సభలో ఆటోనగర్ మెకానిక్ ఒకరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం. సభికుల ప్రశ్నలు మధ్యలో ఎక్కడ వచ్చాయో అక్కడే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసకి వినిపిస్తోందా? సరే.

ముందు ఒక బండి సంగతి చెబుతాను. ఇవాళ నేను మాట్లాడబోయేదంతా ఆ బండి దగ్గర నేర్చుకున్నదే. హోండా సీబీఆర్ 250ఆర్. 2011లో మన దేశంలో అమ్మకానికొచ్చింది. చైన్ ఎక్కే పళ్ళ చక్రాన్ని స్ప్రాకెట్ అంటాం. ఈ బండికి కంపెనీ వేసిచ్చే స్ప్రాకెట్లలో ఇంజిన్ దగ్గర ఉండే ముందుదానికి 14 పళ్ళు, వెనక చక్రం దగ్గరిదానికి 38. మా వీధి కుర్రాడొకడు దాని మీదే నెలకి రెండుసార్లు హైదరాబాద్ వెళ్ళొచ్చేవాడు. ఒకరోజు వచ్చి, ‘బాబాయ్, హైవే ఎక్కితే ఇంజిన్ మరీ గోల పెడుతోంది, ఆరో గేర్ తర్వాత ఇంకోటి ఉంటే బాగుణ్ణనిపిస్తోంది, ముందు 15 పళ్ళది వెయ్యి’ అన్నాడు. వేశాను. కిక్కురుమనకుండా నడిచింది బండి. డబ్బులిచ్చి వెళ్ళబోతూ అడిగాడు: ‘మీటర్‌కేమన్నా అవుతుందా బాబాయ్?’

తడుముకోకుండా చెప్పాను. ‘ఏమీ కాదురా. స్ప్రాకెట్‌కీ మీటర్‌కీ సంబంధమే లేదు.’

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చాడు. మైలేజ్ పడిపోయిందన్నాడు. 32 ఇచ్చే బండి 30కి దిగింది. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతోంది కాబట్టి మైలేజ్ పెరగాలి గదా, తగ్గిందేమిటి? ఎయిర్ ఫిల్టర్ మార్చాను. ప్లగ్ చూశాను. వెనక బ్రేక్ పట్టేస్తోందేమోనని చక్రం లేపి తిప్పాను. టైర్లలో గాలి చూశాను. పెట్రోలు బంకు మార్చి చూడమన్నాను. రెండు వారాలు వాడూ నేనూ లేని జబ్బుకి మందు వెతికాం. చివరికి ఒక ఆదివారం పొద్దున్నే నేనే బండి తీసుకుని హైదరాబాద్ రోడ్డెక్కాను. 65వ నంబరు జాతీయ రహదారి. కిలోమీటరు రాయి దగ్గర ఆగి ట్రిప్ మీటర్ సున్నా చేశాను. ఒక్కో రాయీ లెక్కపెట్టుకుంటూ పోయాను. 30 రాళ్ళు దాటాక బండి పక్కకి ఆపి మీటర్ చూశాను. 28.0.

రోడ్డు 30. మీటర్ 28. ఆ రెండంకెలూ చూస్తూ రోడ్డు పక్కన కాసేపు నిలబడిపోయాను. 28ని 30తో భాగించండి. 14ని 15తో భాగించండి. రెండూ ఒకటే. బండికి ఏ జబ్బూ లేదు. తిరిగిన దూరంలో పదిహేనో వంతు మీటర్‌లోకి ఎక్కట్లేదు, అంతే. మీటర్ 30 అంటున్న మైలేజ్‌ని 15తో గుణించి 14తో భాగిస్తే 32.1 వస్తుంది. మైలేజ్ ఎక్కడిదక్కడే ఉంది. ఆ కుర్రాడికి ఫిల్టర్ డబ్బులూ ప్లగ్ డబ్బులూ తిరిగిచ్చేశాను. నేను చెప్పిన తప్పు మాటకి వాడెందుకు డబ్బు కట్టాలి?

ఆ మాట నా నోట్లోంచి అంత ధీమాగా ఎలా వచ్చిందో చెబుతాను. నాకు పని నేర్పిన గురువుగారు అదే చెప్పేవారు. ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆయన చేతుల్లో పెరిగిన బండ్లు బుల్లెట్లు, ఆ తర్వాత స్ప్లెండర్లు. పాత బుల్లెట్‌కి వెనక స్ప్రాకెట్ బ్రేక్ డ్రమ్ముతో కలిసి ఒకే పోత, 38 పళ్ళు. అది మార్చాలంటే డ్రమ్మే మార్చాలి. అందుకని అందరూ గేర్‌బాక్స్ దగ్గరి చిన్న స్ప్రాకెట్ మార్చుకునేవాళ్ళు. ఊళ్ళో తిరిగే బండికి ఒక పన్ను తక్కువ, దూరాలు పోయే బండికి ఒక పన్ను ఎక్కువ. ఎన్ని మార్చినా మీటర్ చెక్కుచెదిరేది కాదు. ఎందుకంటే మీటర్ వైరు వచ్చేది ముందు చక్రం నుంచి.

ఆ ముందు చక్రం హబ్‌లో చిన్న మరచుట్టు గేరుంటుంది. చక్రం తిరిగితే అది తిరిగి, వైరులోపలి తీగని మెలితిప్పుతుంది. ఆ తీగ పైకెళ్ళి మీటర్‌లో ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. అయస్కాంతం చుట్టూ అల్యూమినియం గిన్నె. రెండూ ఒకదాన్నొకటి తాకవు. అయినా అయస్కాంతం తిరిగేకొద్దీ గిన్నెలో విద్యుత్తు సుడులు పుట్టి, గిన్నె కూడా దాని వెంట లాక్కుపోతుంది. సన్నటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. ఆ లాగుడూ ఈ లాగుడూ సమానమైన చోట ముల్లు ఆగుతుంది. జర్మనీలో ఒట్టో షుల్జ్ 1902లో పేటెంట్ తీసుకున్న ఉపాయమిది. వందేళ్ళ పైన లోకమంతా దీంతోనే నడిచింది. నాకిప్పటికీ ఆ గిన్నె విప్పి చూస్తే ముచ్చటేస్తుంది.

మరి సీబీఆర్‌లో ఏమైంది? దాని సెన్సార్ ముందు చక్రం దగ్గర లేదు. ఇంజిన్ మీదే, గేర్‌బాక్స్ దగ్గర ఉంది. లోపల తిరిగే గేరు పళ్ళు తన ముందు నుంచి ఎన్ని పోతున్నాయో లెక్కపెట్టి, ఆ లెక్క మీటర్‌కి పంపుతుంది. జపాన్ కంపెనీల స్పోర్ట్స్ బండ్లు చాలావాటికి ఇదే పద్ధతి. కంపెనీలు ఇలా చెయ్యడానికి కారణముంది. అక్కడ సెన్సార్‌కి బురద తగలదు, రాయి తగలదు, పంక్చర్ వేసేవాడు చక్రం ఊడదీసినా దానికేం కాదు, వైరు తెగే గొడవ లేదు.

కానీ ఒక్క విషయం గమనించండి. సెన్సార్ లెక్కపెట్టేది చైన్‌కి ఇవతల. నేల మీద దొర్లే చక్రం ఉన్నది చైన్‌కి అవతల. మధ్యలో రెండు స్ప్రాకెట్లు. ముందు స్ప్రాకెట్‌ని తిప్పే గేర్‌బాక్స్ షాఫ్ట్ ఇన్ని చుట్లు తిరిగితే చక్రం ఇన్ని చుట్లు తిరుగుతుంది, చక్రం ఒక చుట్టు తిరిగితే నేల మీద ఇంత దూరం అని కంపెనీవాళ్ళు ముందే లెక్కకట్టి ఒక అంకె మీటర్‌లో రాసిపెట్టారు. ఆ అంకెలో 14, 38 అనే పళ్ళు కలిసిపోయి ఉన్నాయి. వెనక టైరు సైజూ కలిసిపోయి ఉంది. మీరు స్ప్రాకెట్ మార్చిన సంగతి ఆ అంకెకి తెలీదు. అది పాత లెక్కతోనే గుణించుకుంటూ పోతుంది.

కాబట్టి ఏ బండి వచ్చినా ఇప్పుడు నేనడిగే మొదటి ప్రశ్న ఒకటే. లెక్క చైన్‌కి ఇంజిన్ వైపా, చక్రం వైపా? ఇంజిన్ వైపైతే స్ప్రాకెట్ మారిస్తే మీటర్ తప్పుతుంది. చక్రం వైపైతే తప్పదు.

(ప్రశ్న: అది తెలుసుకునేదెలా సార్?)

ముందు చక్రం దగ్గర చూడు నాయనా. మందపాటి మీటర్ వైరు హబ్‌లోకి వెళ్తుంటే నీకు చింత లేదు. వైరు లేకపోతే బండి స్టాండేసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ ఆపే ఉంచి, ముందు చక్రం నేలకి తగలకుండా లేపి చేత్తో గట్టిగా తిప్పు. మీటర్‌లో అంకె కదిలితే లెక్క ముందు చక్రానిదే. కదలకపోతే, గేర్‌బాక్స్ దగ్గర చిన్న స్ప్రాకెట్ చుట్టుపక్కల నుంచి మూడు తీగల వైరు ఏదైనా పైకి పోతోందేమో వెతుకు. దొరక్కపోతే ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో స్పీడ్ సెన్సార్ అనే బొమ్మ చూడు. ఇంకో మాట. స్టాండు మీద ఇంజిన్ నడుస్తుండగా, గేరులో ఉండగా, చైన్ దగ్గరికి చెయ్యి పోనివ్వద్దు. చైన్ తుడవడానికి గుడ్డ పెట్టి వేళ్ళు పోగొట్టుకున్నవాళ్ళని నా కళ్ళతో చూశాను. ఐటీఐ పిల్లలు ఇది మాత్రం బాగా వినండి.

ఇక ఎటువైపు తప్పుతుందో చూద్దాం. చాలామంది తికమకపడేది ఇక్కడే. ఈ బోర్డు మీద రాస్తాను.

ముందు స్ప్రాకెట్ పళ్ళు పెంచితే, షాఫ్ట్ ఒక చుట్టుకి చైన్ ఎక్కువ లాగుతుంది, బండి ఎక్కువ దూరం పోతుంది. మీటర్‌కి ఆ ఎక్కువ తెలీదు. అంటే మీటర్ తక్కువ చూపిస్తుంది, బండి ఎక్కువ పోతుంది. పళ్ళు తగ్గిస్తే దీనికి ఎదురు. మీటర్ ఎక్కువ చూపిస్తుంది, బండి తక్కువ పోతుంది. వెనక స్ప్రాకెట్ తిరగేసి చదువుకోండి. వెనక పెంచితే ముందు తగ్గించినట్టు, వెనక తగ్గిస్తే ముందు పెంచినట్టు.

లెక్క ఇంతే. అసలు వేగం కావాలంటే, మీటర్ వేగాన్ని కొత్త ముందు పళ్ళతో గుణించి పాత ముందు పళ్ళతో భాగించండి. తర్వాత పాత వెనక పళ్ళతో గుణించి కొత్త వెనక పళ్ళతో భాగించండి. ముందు 14 నుంచి 15 అంటే 7.14 శాతం పెరుగుదల. 14 నుంచి 13 అంటే అంతే తరుగుదల. అదే వెనక 38కి బదులు 41 వేస్తే 7.3 శాతం తరుగుదల. చూశారా, ముందు ఒక పన్ను వెనక మూడు పళ్ళకి దగ్గరగా సమానం. అందుకే చిన్న స్ప్రాకెట్ మార్చడం చవక, సులువు. చైన్ కూడా కొత్తది అక్కర్లేదు. ముందు ఒక పన్ను పెరిగితే వెనక ఇరుసు పావు లింకంత ముందుకి జరుగుతుంది. ఈ బండికి వాడే 520 సైజు చైన్‌కి లింకు 15.875 మిల్లీమీటర్లు కాబట్టి సుమారు 4 మిల్లీమీటర్లు. అడ్జస్టర్‌లో సరిపోతుంది.

ఇప్పుడు పళ్ళు తగ్గించినవాళ్ళ సంగతి. వీళ్ళని చూస్తే నాకు ఎక్కువ బాధేస్తుంది. వీళ్ళకి బండి తీపి కబురు చెబుతుంది కాబట్టి. 13 పళ్ళది వేయించుకున్న ఒకాయన మా షెడ్డుకొచ్చి, ‘పికప్ అదిరింది, పాడేరు ఘాట్‌లో గేరు దించే పనే లేదు, పైగా మైలేజ్ 38 ఇచ్చేది 40 ఇస్తోంది’ అని సంబరపడ్డాడు. ఆ 40ని 13తో గుణించి 14తో భాగించండి. 37.1. మైలేజ్ రెండు పెరిగిందనుకుంటున్నాడు. నిజానికి ఒకటి తగ్గింది. ఇంజిన్ ఎక్కువ తిరుగుతోంది, పెట్రోలు ఎక్కువ తాగుతోంది, మీటర్ మాత్రం తిరగని దూరాన్ని ఖాతాలో వేస్తోంది. పికప్ పెరిగిన మాట నిజం. ఘాట్ రోడ్డుకి ఆ స్ప్రాకెట్ మంచిదే. ‘బండిని అలాగే ఉంచుకోండి, ఆ 40 మాత్రం నమ్మకండి’ అని చెప్పాను.

(ప్రశ్న: కంపెనీ మీటర్లు ఎలాగూ ఎక్కువే చూపిస్తాయి కదా, ఒక పన్ను పెంచితే సరిగ్గా అవుతుందంటారు?)

మంచి ప్రశ్న అడిగారమ్మా. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను.

స్పీడోమీటర్ ఎక్కువ చూపించడం నిజం. కావాలనే అలా చేస్తారు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది స్పీడోమీటర్ గురించి. మీటర్ చూపే వేగం అసలు వేగం కంటే ఎప్పుడూ తక్కువ ఉండకూడదు. ఎక్కువైతే ఉండొచ్చు, అది కూడా అసలు వేగంలో పదో వంతు, దాని మీద 4 కిలోమీటర్లు, అంతవరకే. అంటే బండి నిజంగా 80లో పోతుంటే మీటర్ 80 నుంచి 92 దాకా ఎంతైనా చూపొచ్చు, 79 మాత్రం చూపకూడదు. అందుకని కంపెనీలు నాలుగైదు శాతం ఎక్కువ వైపుకే పెట్టుకుంటాయి.

ఇది విని మనవాళ్ళు, ముందు పన్ను పెంచితే ఆ ఎక్కువ కాస్తా సరిపోతుందంటారు. వేగం ముల్లు వరకు ఆ మాట నిజమే కావచ్చు. కానీ ఆ డబ్బాలో ఇంకో మీటర్ ఉంది, తిరిగిన కిలోమీటర్లది. దాన్ని కంపెనీవాళ్ళు ఎక్కువ వైపుకి వంచరు. నేను రాళ్ళ పక్కన పెట్టి చూసిన బండ్లలో వేగం ఎక్కువ చూపినవి కూడా కిలోమీటర్లు దాదాపు సరిగ్గానే చూపాయి. సెన్సార్ పంపే లెక్క ఒకటే, లోపల రెండిటికీ గుణించే అంకెలు వేరు. మీరు స్ప్రాకెట్‌తో వేగాన్ని సరిచేస్తే, అప్పటిదాకా సరిగ్గా ఉన్న కిలోమీటర్లు చెడిపోతాయి. సీబీఆర్‌లో నాకెదురైంది అదే. ఒకటి దిద్దబోతే ఇంకోటి తప్పింది.

మీ బండి మీటర్ ఎక్కువ చూపేది మూడు శాతమే అనుకోండి. మీటర్ 80 అంటే అసలు 77.7. దానికి 7.14 శాతం కలిపితే 83.2. మీరు 80లోనే ఉన్నాననుకుంటారు, రోడ్డు మీది కెమెరా 83 అంటుంది. పన్ను పెంచే ముందు మీ మీటర్ అసలు ఎంత తేడా చూపిస్తోందో కొలుచుకోకుండా ‘సరిపోతుంది’ అనకండి.

కొలిచే పద్ధతి కూడా చెబుతాను. వేగానికి ఫోన్‌లో జీపీఎస్ చాలు. తిన్నటి, చదునైన, ఖాళీ రోడ్డు చూసుకోండి. ఒకే వేగంలో అర నిమిషం నిలకడగా పోవాలి, ఎందుకంటే వేగం పెంచేటప్పుడూ తగ్గించేటప్పుడూ జీపీఎస్ ఒక అడుగు వెనకబడుతుంది. ఫోన్ మీరు చూడొద్దు. వెనక కూర్చున్నవాళ్ళు చూసి రాసుకోవాలి. కిలోమీటర్లకి నేను రాళ్ళనే నమ్ముతాను. ఒక రాయి నుంచి పక్క రాయికి చాలదు, కనీసం పది రాళ్ళు పోవాలి, ఇరవై అయితే మరీ మంచిది. అక్కడక్కడా ఫ్లైవోవర్లు కట్టినప్పుడు రాళ్ళు జరిగి ఉంటాయి, దూరం ఎక్కువైతే ఆ తేడా లెక్కలోకి రాదు.

(ప్రశ్న: నాది ఏబీఎస్ బండి. చక్రం దగ్గరే రింగు ఉంది. అయితే నాకు ఇబ్బంది లేనట్టేనా?)

చాలావరకు లేనట్టే. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేక్ పట్టినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు. 2019 ఏప్రిల్ 1 నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బైక్‌కీ అది తప్పనిసరి చేశారు కదా, అప్పటి నుంచి చక్రం దగ్గర సెన్సార్, అది లెక్కపెట్టే రింగు ఎలాగూ ఉంటున్నాయి. మీటర్ కూడా దాన్నుంచే లెక్క తీసుకునే బండ్లు పెరిగాయి. అయినా రింగు కనబడింది కదా అని తేల్చెయ్యకండి. ఏబీఎస్‌కి ఒక సెన్సార్, మీటర్‌కి పాతదే గేర్‌బాక్స్ సెన్సార్ ఉంచిన బండ్లూ ఉన్నాయి. ఇందాక చెప్పినట్టు చక్రం తిప్పి చూసుకోండి.

చక్రం వైపు లెక్కున్న కొన్ని బండ్లలో ఇంకో చిత్రం జరుగుతుంది. మీటర్ మీద ఎన్నో గేరులో ఉన్నామో చూపించే అంకె ఉంటుంది చూడండి. కొన్ని బండ్లు దానికి విడిగా స్విచ్ పెట్టకుండా, ఇంజిన్ ఎన్ని చుట్లు తిరుగుతోంది, చక్రం ఎంత వేగంలో ఉంది, రెండూ పోల్చి గేరు ఊహిస్తాయి. అలాంటి బండిలో స్ప్రాకెట్ మారిస్తే వేగం సరిగ్గానే చూపుతుంది, గేరు అంకె మాత్రం గజిబిజి అవుతుంది. గేర్‌బాక్స్ వైపు లెక్కున్న బండిలో ఈ ఇబ్బంది ఉండదు, అక్కడ తప్పేది వేగం.

టైరు సంగతి కూడా ఇందులోదే. లెక్క ముందు చక్రానిదైతే ముందు టైరు సైజు, గేర్‌బాక్స్‌దైతే వెనక టైరు సైజు. వెనక 140/70-17 టైరు ఎత్తు సుమారు 628 మిల్లీమీటర్లు. దాని బదులు లావుగా కనబడుతుందని 150/60-17 వేస్తే ఎత్తు 612కి దిగుతుంది. లావు పెరిగింది, ఎత్తు తగ్గింది. మీటర్ రెండున్నర శాతం ఎక్కువ చూపడం మొదలుపెడుతుంది. గీతలు నాలుగు మిల్లీమీటర్లు అరిగినా ఒక శాతం పైన తేడా వస్తుంది. స్ప్రాకెట్ ముందు ఇవన్నీ చిన్నవే. కానీ పన్ను తగ్గించి, పైన ఎత్తు తక్కువ టైరు కూడా వేస్తే రెండూ ఒకే వైపు కలుస్తాయి.

(ప్రశ్న: మరి స్ప్రాకెట్ మార్చుకుని మీటర్‌ని సరిచేసుకునే దారి లేదా?)

ఉంది. సెన్సార్‌కీ మీటర్‌కీ మధ్య పెట్టే చిన్న డబ్బాలొస్తాయి, స్పీడోహీలర్ అనేది అందులో పేరున్నది. సెన్సార్ పంపే లెక్కని అది మీరు చెప్పిన శాతం పెంచో తగ్గించో మీటర్‌కిస్తుంది. 14 నుంచి 15 వేస్తే 7.1 పెంచమనాలి, 13 వేస్తే 7.1 తగ్గించమనాలి. వైరు కోసి అతుకులు వేసే రకం వద్దు, బండి కనెక్టర్లకే సరిపోయే వైర్ల కట్ట ఉన్నది తీసుకోండి. వానల్లో మా షెడ్డుకొచ్చే మీటర్ కంప్లయింట్లలో సగం ఆ అతుకుల దగ్గరే దొరుకుతాయి. కొనే ముందు ఇందాకటి మాట గుర్తుంచుకోండి. డబ్బాతో కిలోమీటర్లు సరిచెయ్యాలా, వేగం సరిచెయ్యాలా? నన్నడిగితే కిలోమీటర్లే. స్ప్రాకెట్ ఎంత మారిందో అంతే పెట్టండి. కంపెనీ ఇచ్చిన ఎక్కువ వేగం అలాగే ఉండనివ్వండి, అది మీ లైసెన్స్‌కి రక్ష.

డబ్బా కొనలేకపోయినా ఫరవాలేదు. బుల్లెట్ రోజుల్లో మా గురువుగారి షెడ్డులో ట్యాంకు మీద చిన్న కాగితం అంటించేవారు, చైన్ ఎప్పుడు మార్చిందీ రాసి. మీరూ అంటించుకోండి. ‘మీటర్ 56 అంటే అసలు 60, మీటర్ 75 అంటే అసలు 80.’ 15 పళ్ళ సీబీఆర్‌కి అది సరైన లెక్కే, వేగం ముల్లు కంపెనీ నుంచి ఎక్కువేమీ చూపకపోతే. ముందు కొలిచి, తర్వాత అంటించండి.

(ప్రశ్న: బండి అమ్మేటప్పుడు రీడింగ్ సంగతేంటండీ?)

ఆ కుర్రాడు సీబీఆర్ అమ్మేటప్పుడు నన్ను కూడా తీసుకెళ్ళాడు. స్ప్రాకెట్ మార్చిన రోజు రీడింగ్ 22,000. అమ్మే రోజు 36,000. మధ్యలో మీటర్ వేసిన లెక్క 14,000. దాన్ని 15తో గుణించి 14తో భాగిస్తే 15,000. అంటే బండి నిజంగా తిరిగింది 37,000. కొనే ఆయనకి వాడే ముందుగా చెప్పాడు. పాత బిల్లు చూపించాడు, పాత 14 పళ్ళ స్ప్రాకెట్ కూడా గుడ్డలో చుట్టి ఇచ్చాడు. కొనే ఆయన ఆ వెయ్యి కిలోమీటర్లకి ధర తగ్గించమనలేదు. ‘ఆ బిల్లు కూడా ఆర్‌సీతో పాటు నాకివ్వండి’ అన్నాడు. ఆ రోజు నుంచి మా షెడ్డులో స్ప్రాకెట్ మార్చిన ప్రతి బిల్లు మీదా పాత పళ్ళు, కొత్త పళ్ళు, ఆ రోజు రీడింగ్ మూడూ నా చేత్తో రాస్తున్నాను. మీరెక్కడ మార్పించుకున్నా ఆ మూడు అంకెలూ అడిగి రాయించుకోండి.